పిట్ట నోట్లో మైనం

మ్యూజియంలో అందరూ ఆమెని జిగురమ్మ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆమె కూడా ఓయ్ అని పలికేది. చిరిగిన పాత పుస్తకాలని, బొమ్మలని మైదా జిగురుతో, పల్చటి కాగితం పీలికలతో అతికి బాగుచేయడం ఆమె పని. ఇంటికొచ్చి ఎంత తోముకున్నా గోళ్ళ పక్కన జిగురు ఎండి పొలుసులు కట్టి ఉండేది. వాళ్ళక్క అన్నం పెడుతూ, ముందు ఆ చేతులు కడుక్కో, లేకపోతే ముద్ద నోట్లోకి పోదు, వేళ్ళకే అంటుకుంటుంది అని దెప్పేది.

అక్కాచెల్లెళ్ళిద్దరే ఉండేవారు ఆ ఇంట్లో. అక్క ఆసుపత్రిలో నర్సు, భర్త పోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలు అసలు పెళ్ళి ఊసే ఎత్తనివ్వలేదు. పొద్దున లేచింది మొదలు ఇద్దరికీ ఏదో ఒకదాని మీద గొడవ. పాలు పొంగినా గొడవే, గొడుగు మర్చిపోయినా గొడవే. కానీ ఒకరు ఇంటికి చేరడం కాస్త ఆలస్యమైతే రెండోవారు గుమ్మం దగ్గర నిలబడాల్సిందే.

ఆ వానాకాలం మ్యూజియం పెద్దసారు జిగురమ్మకి కొత్త పని అప్పగించాడు. పిట్టల గురించి ఎప్పుడో అచ్చువేసిన పాత పుస్తకం ఒకటి వాళ్ళ దగ్గరుంది. ఫొటోలు లేని రోజుల పుస్తకం. పిట్టల్ని చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దిన బొమ్మలు. ఆ బొమ్మల్ని అద్దిన చెక్కదిమ్మలు కూడా ఒక పెట్టెలో దొరికాయి. త్వరలో ప్రదర్శన పెట్టబోతున్నారు. దిమ్మలని శుభ్రం చేసి ఒక్కోదానితో కొత్తగా ఒక్కో అచ్చు తీసి ఇమ్మన్నాడు.

ఆమెకి ఆ పని నచ్చింది. భవనం వెనకవైపు, నడవా చివర ఉండే సామాను గదిలో ఒక్కతే కూర్చుని చేసుకునేది. పాత వస్తువులకి ఎండ తగలకూడదని ఆ గదికి కిటికీ పెట్టలేదు. తలుపు బరువైన చెక్క, పైన ఇనపరేకు తాపడం. తలుపు మీద, చేతికందనంత ఎత్తులో, గాలి కోసం చెక్క పలకలు అడ్డంగా బిగించిన చిన్న సందు. బయటి నడవాలోంచి వచ్చే వెలుతురైనా, మాటైనా ఆ సందులోంచే రావాలి. సంచులు, ఫోన్లు లోపలికి తీసుకెళ్ళకూడదు, ముందు గదిలో గుమాస్తా బల్ల మీద పెట్టి రావాలి.

దిమ్మలని చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఆమెకి నవ్వొచ్చేది. వాటిని చెక్కినవాడు చాలా పిట్టల్ని ప్రాణంతో చూసి ఉండడు. ఎండబెట్టిన చర్మాలు, గడ్డి కూరిన శవాలు చూసి చెక్కి ఉంటాడు. అందుకే ఒక కొంగ మెడ నీళ్ళగొట్టంలా బిర్రబిగుసుకుని ఉంది. ఒక గుడ్లగూబకి మనిషి కనుబొమ్మలున్నాయి. కొన్నింటి కాళ్ళు ఎటు వంగాలో తెలియక వెనక్కి వంగాయి. కానీ ఈకలు మాత్రం... ఒక్కో ఈకా వెంట్రుకవాసి గీతలతో, ఎన్ని రోజులు కూర్చుని చెక్కాడో అనిపించేలా ఉన్నాయి.

అన్నిటికీ అడుగున ఉన్న దిమ్మ మీది పిట్ట ఏమిటో పెద్దసారుకి కూడా తెలియలేదు. కాకి కంటే పెద్దది, మెడ చుట్టూ రేగిన ఈకలు. మిగతా పిట్టలన్నీ ముక్కు మూసుకుని ఉంటే ఇదొక్కటే నోరు పూర్తిగా తెరిచి ఉంది. పుస్తకంలోని బొమ్మలో ఆ నోటి లోపల ఒక్క గీత కూడా లేదు, ముద్దగా నలుపు. ఎందుకో దిమ్మ చూస్తే అర్థమైంది. చెక్కిన నోట్లో ఎవరో మైనం కూరారు. దాని మీద ఏళ్ళ తరబడి సిరా పేరుకుని రాయిలా గట్టిపడింది.

చెక్కేటప్పుడు చెయ్యి జారి ఉంటుంది, తప్పు కప్పిపుచ్చడానికి పూడ్చి ఉంటారు అనుకుంది జిగురమ్మ. శుభ్రం చెయ్యమన్నారు కాబట్టి కుట్టుసూదితో ఓపిగ్గా ఆ మైనం గీకి తీసింది. లోపల సన్నటి నాలిక బయటపడింది. నాలిక వెనక గొంతు. అచ్చువేయడానికి అక్కర్లేనంత లోతుగా తొలిచిన గొంతు. ఎంత లోతుందో చూద్దామని సూది దింపింది. సూది మొత్తం దిగింది. వేళ్ళు చెక్కకి తగిలాయి గానీ సూదిమొనకి అడుగు తగల్లేదు.

దిమ్మ మందం కంటే ఆ సూదే పొడుగు.

ఆమె దిమ్మని తిరగేసి చూసింది. వెనకవైపు నున్నగా ఉంది, చిల్లు లేదు. సూది ఏటవాలుగా దిగి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుని, సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వెనక భాగంతో రుద్ది అచ్చు తీసింది. ఈసారి బొమ్మలో నోరు తెల్లగా, నాలికతో సహా పడింది. చాలా బాగా వచ్చిందని పెద్దసారు మెచ్చుకున్నాడు.

ఆ తర్వాతే చిన్న చిన్న తేడాలు మొదలయ్యాయి. పని చేసుకుంటూ తనలో తను మాట్లాడుకునే అలవాటు ఆమెకి మొదట్నుంచీ ఉంది. దగ్గు వచ్చి దగ్గితే, కాసేపయ్యాక అదే దగ్గు గది మూల నుంచి వినిపించేది. గోడలు మందం కదా, ప్రతిధ్వని అనుకుంది. ఒకరోజు పొద్దున గుమాస్తా, నిన్న మిమ్మల్ని పలకరిస్తే ఇంకొంచెం ఉందన్నారు, తీరా చూస్తే మీరు అప్పటికే వెళ్ళిపోయారు అని తికమకపడ్డాడు. ఆయనకి వినికిడి కాస్త తక్కువ. వయసైపోతోంది సార్ మీకు అని ఆమె నవ్వేసింది.

నిజానికి ఆయన ఆఫీసు మూసే వేళకి రోజూ వచ్చి తలుపు అవతల నుంచే, అయిందామ్మా అని అడిగేవాడు. ఆమె రోజూ ఒకటే జవాబు. ఇంకొంచెం ఉంది, మీరు వెళ్ళండి, తాళం నేను వేసుకుంటాను. ఒకసారి లోపల చప్పుడవుతోందేమిటని అడిగితే, ఏం లేదు, బల్ల జరుపుతున్నాను అంది. అంతకుమించి ఆ గదిలో ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు.

ఆరోజు మధ్యాహ్నం నుంచీ కుండపోత. సాయంత్రం అక్క స్కూటరు మీద వచ్చి తీసుకెళ్తానంది. జిగురమ్మ ఒక పుస్తకం వెన్ను కుట్టడం ముగించి, దారానికి రాసే మైనం బిళ్ళని జేబులో వేసుకుని, వెళ్దామని తలుపు లాగింది. తలుపు రాలేదు. వానకి చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టుకుని లాగింది. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. పిడి ఊడి చేతిలోకొచ్చింది.

అప్పుడే కరెంటు పోయింది.

భయమేమీ వెయ్యలేదు. గుమాస్తా ఎలాగూ వస్తాడు. పై సందులోంచి నడవా కిటికీల వెలుతురు కాస్త పడుతోంది. తడిసిన సున్నం వాసన, సిరా వాసన, ఇంకేదో వాసన... ముతకగా, ఎండిన ఈకల్లాంటి వాసన. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వాన చప్పుడు వింటూ ఉంది.

ఆ చప్పుడులో మరో చప్పుడు కలిసింది. పైన, తలుపు మీద. చెక్క పలకల మీద గోళ్ళు ఆనిన చప్పుడు.

తలెత్తి చూసింది. సందులోంచి పడే వెలుతురు ఒకచోట తెగిపోయి ఉంది. అక్కడ ఏదో అడ్డంగా ఉంది. కదలడం లేదు.

నడవాలో అడుగుల చప్పుడు. గుమాస్తా. తలుపు దగ్గరికొచ్చి రోజూలాగే, అయిందామ్మా అని అడిగాడు.

తలుపు బిగుసుకుంది సార్, తియ్యండి అని అరిచింది ఆమె. అంటే, అరవబోయింది. నోరు తెరుచుకుంది. గాలి వచ్చింది. గొంతు రాలేదు.

ఆమె గొంతు పైనుంచి వచ్చింది.

"ఇంకొంచెం ఉంది. మీరు వెళ్ళండి. తాళం నేను వేసుకుంటాను."

అచ్చం తనే. అదే ఆగడం, అదే సాగదీయడం, చివర్లో చిన్న దగ్గు. జిగురమ్మ చేతిలోని పిడితో తలుపు మీద దబదబా బాదింది. బయట ఆయన ఆగినట్టున్నాడు. ఏమిటమ్మా చప్పుడు అన్నాడు.

"ఏం లేదు. బల్ల జరుపుతున్నాను."

సరేనమ్మా, వాన ఎక్కువగా ఉంది, త్వరగా వెళ్ళండి అంటూ ఆయన వెళ్ళిపోయాడు. చెప్పుల చప్పుడు నడవా పొడవునా వినిపించి, ఆగిపోయింది. ఎక్కడో పెద్ద తలుపు మూసుకుంది. ఇంక గేటు దగ్గరి వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు.

జిగురమ్మ చతికిలబడిపోయింది. గొంతు పట్టుకుని చూసుకుంది. నొప్పి లేదు. మంట లేదు. అమ్మా అనడానికి ప్రయత్నించింది. ఊదినట్టు గాలి తప్ప ఏమీ రాలేదు. కాసేపటికి మళ్ళీ ప్రయత్నిస్తే, పైనుంచి తన గొంతే మెల్లిగా, నేర్చుకుంటున్నట్టు, అమ్మా అంది. తర్వాత ఇంకోలా అంది. ఇంకోలా...

ఆమె నోటి మీద చెయ్యి పెట్టేసుకుంది. ఇంక దానికి ఒక్క మాట కూడా ఇవ్వకూడదు.

ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. సందులోని వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. అప్పుడు వినిపించింది, నడవాలో తడి చెప్పులు పచక్ పచక్‌మంటున్న చప్పుడు. ఆ నడక ఎవరిదో ఆమెకి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

"ఏమే మొండిఘటమా, వస్తావా రావా? ఫోనెందుకు తియ్యవు?"

అక్క. జిగురమ్మ తలుపుకి అతుక్కుపోయి పిడితో, పిడికిళ్ళతో, నుదుటితో బాదింది.

"ఏం లేదు. బల్ల జరుపుతున్నాను."

చీకటి పడుతుంటే ఇప్పుడు బల్ల జరపడమేమిటని అక్క విసుక్కుంది. అవతల స్కూటరు తడుస్తోంది, పద అంది.

"ఇంకొంచెం ఉంది. మీరు వెళ్ళండి. తాళం నేను వేసుకుంటాను."

బయట తడి చెప్పులు తలుపుకి దగ్గరగా జరిగాయి.

"మీరా?" అంది అక్క. గొంతులో విసుగు లేదిప్పుడు. "నన్ను మీరంటావేంటే?"

"ఇంకొంచెం ఉంది. మీరు వెళ్ళండి. తాళం..."

అదే దగ్గు.

అక్క తలుపు తోసింది. కదల్లేదు. ఇంకోసారి తోసింది. తర్వాత చెప్పుల చప్పుడు గిర్రున తిరిగి, పరుగులాంటి నడకతో దూరమైపోయింది.

వెళ్ళిపోయింది. నమ్మేసి వెళ్ళిపోయింది. కోపమొచ్చి వెళ్ళిపోయింది... జిగురమ్మకి కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. ఏడుపుకి కూడా గొంతు లేదు. రేపు పొద్దున గుమాస్తా వస్తాడు. పైనుంచి అది జవాబు చెబుతుంది. ఎల్లుండి కూడా చెబుతుంది. ఇంట్లో లేదని అక్క మళ్ళీ వెతుక్కుంటూ వస్తే అక్కకీ చెబుతుంది. తను ఇక్కడ నేలమీద, ఈ వాసనలో, తన గొంతు అందర్నీ పంపించేస్తుంటే వింటూ...

పైన గోళ్ళు పలకల మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగాయి.

అప్పుడు ఆమెకి మైనం గుర్తొచ్చింది. చెయ్యి జారి చేసిన తప్పు కాదది. ఎవరో తెలిసే కూరారు.

చీకట్లో పాకుతూ బల్ల దగ్గరికి వెళ్ళింది. పెట్టె తడిమింది. దిమ్మల మీద వేళ్ళు పరిగెత్తాయి. కొంగ మెడ. గుడ్లగూబ కనుబొమ్మలు. వెనక్కి వంగిన కాళ్ళు. అడుగున రేగిన మెడఈకలు. వేలికొస తెరుచుకున్న ముక్కుని పట్టుకుంది. లోపలికి జరిగింది.

నాలిక తడిగా ఉంది.

వేలు లాక్కోబోయి ఆగింది. ఆ నోట్లోంచి గాలి బయటికి రావడం లేదు. లోపలికి పోతోంది. సన్నగా, చల్లగా, ఆగకుండా... ఆ చెక్క ఊపిరి పీలుస్తోంది.

జేబులోంచి మైనం బిళ్ళ తీసింది. అరచేతుల మధ్య పెట్టి నలిపింది. చేతులు చల్లబడిపోయి మైనం మెత్తబడటం లేదు. చంకలో పెట్టుకుంది. నోట్లో పెట్టుకుని నమిలింది. మెత్తబడిన ముద్దని ఆ నోట్లో కుక్కింది. పోయింది. ఇంకొంత కుక్కింది. అదీ పోయింది. మింగుతోంది.

పైన తన గొంతు మొదలైంది. మాటలు కాదిప్పుడు. ఇన్ని రోజులుగా ఆ గదిలో తను చేసిన ప్రతి చప్పుడూ. దగ్గు, తుమ్ము, కూనిరాగం, నవ్వు, మళ్ళీ దగ్గు... ఒకదాని మీద ఒకటి, వేగంగా. రెక్కలు పలకలకి కొట్టుకుంటున్నాయి. ఏదో పొడిగా రాలి ఆమె జుట్టులో పడింది. ఆమె తలెత్తలేదు. మిగిలిన మైనమంతా కుక్కేసింది. చాల్లేదు. జిగురుగిన్నె చేతికి తగిలింది. కాగితం పీలికలు జిగురులో ముంచి, ముద్దచేసి, మైనం మీద అదిమి, పైన బొటనవేలు పెట్టి ఒంట్లోని బలమంతా వేసి నొక్కింది. వేలి కింద ఏదో తోసింది. నొక్కింది. మళ్ళీ తోసింది...

పైన గొంతు గుక్కపట్టినట్టయి, దిండు కింద నుంచి వస్తున్నట్టయి, సన్నబడింది. చివర్లో ఒక ఈలలాంటిది మిగిలింది. నీళ్ళ గొట్టంలో గాలేమో అనుకుంది. అదీ ఆగిపోయింది.

వాన తప్ప ఏమీ లేదు.

ఆమె వేలు తియ్యలేదు. తలుపు అవతల గునపం దిగిన చప్పుడు వచ్చినప్పుడూ తియ్యలేదు. వాచ్‌మనూ, వడ్రంగీ కలిసి చట్రం పెకిలించి, టార్చిలైటు మొహం మీద వేసినప్పుడూ తియ్యలేదు. అక్క వచ్చి పక్కన కూలబడి, జిగురు ఎండిపోయిన ఆ బొటనవేలిని దిమ్మ మీంచి మెల్లిమెల్లిగా విడదీసింది. నర్సు చేతులు కదా, చర్మం చిరగకుండా తీసింది. పై సందులో ఏమీ లేదని వడ్రంగి చెప్పాడు. పలకల మీద గీతలున్నాయి గానీ, పాతవో కొత్తవో చెప్పలేనన్నాడు.

డాక్టరు గొంతులో లైటు వేసి చూసి అంతా బాగానే ఉందన్నాడు. భయానికి అలా అవుతుంది, మాట అదే వస్తుందన్నాడు. వారం దాటాక వచ్చింది. ముందు గుసగుసగా, తర్వాత బొంగురుగా. ఆ దిమ్మని పెట్టెలో పెట్టి మేకులు కొట్టించమని ఆమె పెద్దసారుకి కాగితం మీద రాసి చూపించింది. ఆయన కారణం అడగలేదు. ఆమె మొహం చూసి సరేనన్నాడు.

ఆ వారమంతా అక్క సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. తగువు పెట్టుకోలేదు. దెప్పలేదు. టీ కలిపి ఇచ్చి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చునేది. వంట చేసేటప్పుడు కూడా పొయ్యికి పక్కవాటుగా, వీపు గోడకి ఆనించి నిలబడేది. తన గురించే దిగులు పెట్టుకుందని చెల్లెలు అనుకుంది.

మాట వచ్చిన రోజు సాయంత్రం ఆమె మొదట అడిగింది అదే. నువ్వు వెళ్ళిపోయావనుకున్నాను, ఎలా తెలిసింది నేను కాదని.

తనని 'మీరు' అన్నప్పుడే తెలిసిందంది అక్క. వాచ్‌మన్ని వడ్రంగి కోసం పరిగెత్తించి, జారుతున్నాయని చెప్పులు విప్పేసి, వట్టికాళ్ళతో మళ్ళీ వెనక్కి వచ్చిందట. వాళ్ళొచ్చేదాకా తలుపుకి చెవి ఆనించి నడవాలోనే నిలబడిందట.

"మరి నన్ను పిలవలేదే?" అంది చెల్లెలు గుసగుసగా.

అక్క టీగ్లాసు కింద పెట్టింది.

"పిలుద్దామనుకునేసరికి నీ గొంతు ఆగిపోయింది. తర్వాత ఇంకో గొంతు వచ్చింది. చిన్నపిల్లది. ఆరేడేళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన గొంతు. 'తలుపు తియ్యి నాన్నా, ఇంక మాట్లాడను' అంది. రెండుసార్లు అంది. ఇంక మాట్లాడను నాన్నా..."

బొటనవేలి కింద తోసినది జిగురమ్మకి మళ్ళీ తగిలినట్టయింది. తను ఈల అనుకున్నది ఆ గొంతే, పాత మైనం కింద ఇన్నేళ్ళూ ఉన్నది అదే.

"లోపల నీతో ఎవరో పిల్ల ఉందనుకున్నాను," అంది అక్క. "ఉండు తల్లీ, తీస్తున్నారు అందామని నోరు తెరిచాను. అప్పుడు నా వెనకాల, నడవాలో... ఇక్కడ, చెవి పక్కన... ఎవరో మగమనిషి 'ష్' అన్నాడు."

చెల్లెలు అడిగింది. "ఎవరు? చూశావా?"

అక్క గోడకి ఇంకాస్త ఒత్తుకుని కూర్చుంది.

"లేదు," అంది. "ఇంతవరకూ వెనక్కి తిరగలేదు."